విశ్వదాత నాగేశ్వరరావు పంతులు

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని సామెత. ముందు తాను నిలబడితేనే మనిషి ఇతరులను ఆదుకోగలడు. అయితే అంతా తనకే కావాలనుకోవడం స్వార్థం. ఈ రెండింటికీ గల తేడాను తమ జీవితంలో చూపినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

పంతులుగారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివారు. ఆయన మనసు ఉద్యోగం మీద కంటే వ్యాపారం మీదే ఉండేది. తొలి ప్రయత్నాలు కలిసిరాలేదు. అయినా నిరాశపడక, కలకత్తాలో మందుల తయారీ నేర్చుకొని బొంబాయి చేరారు. 1893లో అక్కడ అమృతాంజనం తయారుచేశారు. మొదట్లో సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి, జనానికి పరిచయం చేశారు. కొన్నవారికి తలనొప్పి తగ్గింది, అమ్మినవారికి లాభం వచ్చింది. ఒకరిని ముంచి మరొకరు బాగుపడింది లేదు.

బొంబాయిలో ఎందరో తెలుగువారు నివసించేవారు. వారికీ, దేశంలోని తెలుగువారందరికీ మాతృభాషలో పత్రిక ఉండాలని ఆయన తలచారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో అది మద్రాసు నుండి దినపత్రికగా వెలువడింది. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు. ఆంధ్ర గ్రంథమాల ద్వారా మంచి పుస్తకాలను తక్కువ ధరకు అందించారు. గ్రంథాలయాలకు అండగా నిలిచారు. ఈ పనులన్నింటికీ వెన్నెముక అమృతాంజనం రాబడే.

పంతులుగారు లాభాన్ని ఏనాడూ చిన్నచూపు చూడలేదు. ఆవేశంతో ఆస్తినంతా ఒక్కనాడే దానం చేసి, వ్యాపారాన్ని మూసివేయలేదు. చెట్టును నరికి పంచితే పండ్లు ఒక్కసారే దక్కుతాయి, కాపాడితే ఏటేటా దక్కుతాయి. 1936లో అమృతాంజనం లిమిటెడ్ కంపెనీగా ఏర్పడింది.

అయితే లాభమే ఆయనకు సర్వస్వం కాదు. వ్యాపారికి జైలు నష్టమే. తన మేలు ఒక్కటే చూసుకొని ఉంటే ఆయన స్వాతంత్ర్యోద్యమానికి దూరంగా ఉండేవారు. కాని 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు.

ప్రజలు ఆయనను దేశోద్ధారకుడనీ, విశ్వదాత అనీ గౌరవించారు. 1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూశారు. తన బాగు కోరుకోవడం తప్పు కాదు, ఆ బాగు తన గడప దగ్గరే ఆగిపోతే అది స్వార్థం. పంతులుగారి సంపద గడప దాటి వెళ్లింది.