లూయీ బ్లేరియో

ఆషాఢమాసమున మన సుగటూరు చెరువుగట్టుపై నిలిచినవారికి అడ్డగాలి యెట్టిదో వేరుగా చెప్ప నక్కఱలేదు. నీటియొడ్డున వాలబోవు కొంగ గాలికి ఎదురుగా తిరిగి, రెక్కలు సవరించుకొని, కాళ్లు చాచి దిగును. పక్షికి పుట్టుకతో వచ్చిన యీ విద్యను మానవుడు ఎముకలు విఱుగగొట్టుకొని నేర్చుకొనవలసివచ్చెను. అట్లు నేర్చినవారిలో లూయీ బ్లేరియో యొకడు.

ఈతడు 1872 జూలై 1వ తేదీన ఫ్రాన్సు దేశమందలి కాంబ్రే పట్టణమున జన్మించెను. పారిసులో ఇంజనీరింగు చదివి, మోటారుబండ్లకు దీపములు చేసి యమ్మి మిక్కిలి ధనము గడించెను. గడించినదంతయు విమానములకే వెచ్చించెను. ఒక యంత్రము నీటబడెను, మఱియొకటి నేలగూలెను. ఆతడు మాత్రము విడువలేదు. ఆతని పదునొకండవ నమూనా 1909 జనవరిలో తొలిసారి యెగిరెను. పిదప దానికి 25 అశ్వశక్తుల యింజను అమర్చిరి. కొయ్యచట్రము, గుడ్డకప్పిన రెక్కలు, అంతే.

మా దృష్టిలో దాని విశేషము రెక్కలలోకంటె చక్రములలో నున్నది. అడ్డగాలి వీచునప్పుడు విమానము ముక్కు ఒకదిక్కునకును, పయనము వేఱొకదిక్కునకును ఉండును. అట్లే నేల తాకినచో చక్రములు ప్రక్కకు ఈడ్వబడి కాళ్లు విఱుగును, లేదా రెక్క నేలను గొట్టుకొనును. ఆసుపత్రులలో రోగులను గొనిపోవు మంచముల క్రింది చక్రములు త్రోసినవైపునకు తిరుగుట మనము చూచియున్నాము. బ్లేరియో విమానపు ముందుచక్రములును అట్లే పయనము దిక్కునకు తిరుగునట్లు అమర్పబడెను. కాని గాలివిసురు ఒక్కసారిగా తగ్గినచో రెక్కల బలము తగ్గి విమానము క్రుంగును. దానికి చక్రము లేమి చేయగలవు?

1909 జూలై 25న తెల్లవాఱుజామున ఆతడు కలే సమీపమునుండి ఇంగ్లీషు చానలుమీదికి ఎగిరెను. అంతకు ముందే కాలిన పాదముతో ఊతకఱ్ఱలపై నడచుచుండెను. ఆఱుదినములకు పూర్వమే లాథాం అను పోటీదారు సముద్రమున పడియుండెను. నడుమ మంచు క్రమ్మి కొంతసేపు ఏ తీరమును కానరాలేదు. దిక్సూచియు లేదు. తుదకు డోవరు కోటదగ్గఱ పచ్చికబయలు కనబడెను. గుట్టలనడుమ గాలి సుడులు తిరుగుచుండెను. రెండుమాఱులు చుట్టివచ్చి, ఇంజను ఆపి దిగెను. నేల గట్టిగా తగిలి చక్రపుచట్రము చెడెను, పంఖా విఱిగెను. ఆతనికి గాయము కాలేదు. ప్రయాణము ఇంచుమించు 37 నిమిషములు. బహుమానము వేయి పౌనులు. ఆ వెంటనే నూఱింటికి మించి విమానములకు బేరములు వచ్చెను.

కీర్తి వచ్చినంతమాత్రమున గాలి దయదలచునా! ఆ సంవత్సరము డిసెంబరులో ఇస్తాంబూలున, పెనుగాలిలో, జనులకు చూపుటకై యెగిరి యొక యింటికప్పుపై కూలెను. ప్రక్కటెముకలు విఱిగి మూడువారములు ఆసుపత్రిలో నుండెను. అటుపిమ్మట ప్రదర్శనలకు ఎగురుట మానెను.

1912లో ఆతడు చేసినపని మా విద్యార్థులకు చెప్పదలచితిమి. ఒకేజత రెక్కలు గల విమానముల రెక్కలు పైనుండి కలుగు ఒత్తిడికి విఱుగుచున్నవని, తన విమానములకును ఆ దోషము కలదని ఆతడే ప్రభుత్వమునకు వ్రాసెను. ఫ్రెంచి సైన్యము కొంతకాలము వాని నెగురనీయలేదు. సొంతసరకునకు లోపముచెప్పు వర్తకులు అరుదు. మొదటి ప్రపంచయుద్ధములో ఆతని కర్మాగారములు స్పాడ్ విమానములను చేసెను.

1936 ఆగస్టు 1న పారిసులో గుండెజబ్బుతో మరణించెను. చానలు దాటిన యా విమానమును, చక్రములతోకూడ, పారిసులోని యొక వస్తుప్రదర్శనశాలలో భద్రపఱచియున్నారు.