వానపాముల గోడు విన్న రేచెల్

కిందటేడు మా మల్లెపాదు నిండా చీమలు పట్టాయని ఏదో మందుపొడి తెచ్చి చల్లాను. చీమలు పోయాయి. నెల తిరిగాక పాదు తవ్వి చూద్దును కదా, ఒక్క వానపామూ లేదు! మట్టి గడ్డ కట్టి ఉంది. మందుకి మంచి పురుగేదో, చెడ్డ పురుగేదో ఏం తెలుస్తుందని మా అత్తయ్య విసుక్కున్నారు. అప్పుడు గుర్తొచ్చారు నాకు రేచెల్ కార్సన్.

అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్‌లో 1907లో పుట్టారామె. 1932లో జాన్స్ హాప్కిన్స్‌లో జంతుశాస్త్రంలో ఎం.ఎ. చేశారు. ఆపై చదువు సాగలేదు. 1935లో తండ్రి పోయారు, 1937లో అక్క పోయింది. తల్లి, అక్క కూతుళ్లిద్దరి భారం రేచెల్ మీదే పడింది. పగలు ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం, మిగిలిన వేళల్లో రచనలు. 1951లో సముద్రం మీద రాసిన పుస్తకంతో ఊరూరా పేరొచ్చింది. 1957లో అక్క కూతురు కూడా చనిపోతే, ఆ అమ్మాయి ఐదేళ్ల కొడుకుని పెంచుకున్నారు. పెళ్లి చేసుకోలేదు గానీ, సంసారం మోయడమంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు.

ఆ రోజుల్లో అక్కడ ఎల్మ్ చెట్లకి తెగులు రాకుండా డీడీటీ కొట్టేవారు. ఆకులు రాలేవి. వాటిని వానపాములు తినేవి. కొన్ని చచ్చేవి, బతికినవాటి ఒంట్లో మందు పేరుకునేది. వసంతంలో వచ్చిన రాబిన్ పిట్టలు ఆ వానపాముల్ని తిని వణుకుతూ నేలరాలేవి. పెద్ద వానపాములు 11 చాలట, ఒక పిట్ట ప్రాణం తీయడానికి! పది పన్నెండు నిమిషాల్లో తినేస్తుందది.

ఈ గొలుసునే రేచెల్ తన సైలెంట్ స్ప్రింగ్ పుస్తకంలో విడమరిచి చెప్పారు. మట్టిని గుల్లచేసి, ఆకుల్ని ఎరువుగా మార్చే చిన్న ప్రాణుల గురించి ఒక అధ్యాయమే రాశారు. 1962లో పుస్తకం రాగానే మందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. పెళ్లికాని ఆడదానికి ఇవన్నీ ఎందుకని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. మందులన్నీ మానేయమని ఆమె అనలేదు. తెలిసీ తెలియక గుమ్మరించొద్దన్నారు, అంతే.

ఎవరికీ తెలియని సంగతి మరొకటి ఉంది. 1960లోనే ఆమెకి రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. తన జబ్బు కోపంతోనే రాసిందని అంటారేమోనని ఆ విషయం దాచిపెట్టారు. నొప్పి భరిస్తూనే 1963లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. అదే ఏడు అధ్యక్షుడు కెన్నెడీ సలహా సంఘం ఆమె మాటల్లో నిజముందని తేల్చింది. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్లకే కన్నుమూశారు. అమెరికా 1972లో పంటలకు డీడీటీని నిషేధించింది. ఆ రోజు చూడ్డానికి ఆమె లేరు.

ఇప్పుడు నా పాదులో ఎండుటాకులు, కూరగాయ తొక్కులే వేస్తున్నాను. మొన్న వానలకి ఒక వానపాము కనిపించింది. దాని మీద మెల్లగా మట్టి కప్పి, నీళ్లు చిలకరించి వచ్చాను. పోయిన చుట్టం తిరిగొచ్చినట్టనిపించింది సుమండీ!