యాన్ చొక్రాల్స్కీ

చిక్కని చక్కెర పాకములో ఒక దారమును వ్రేలాడగట్టి, పాత్రను కదల్పక కొన్ని దినము లుంచినచో ఆ దారము చుట్టును కలకండ పలుకులు పెరుగును. వానికి నున్నని ముఖములును, తీరైన అంచులును ఉండును. ఇట్లు అణువులు వరుస తప్పక కూడి యేర్పడిన ఘనపదార్థమునకు స్ఫటికమని పేరు. లోహములును స్ఫటికములే. కాని సామాన్యమైన లోహపు తునకలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికములు తలయొక దిక్కుగా నుండి ఒకదాని నొకటి యంటియుండును. మొదటి నుండి తుదివరకు ఒకే స్ఫటికమైన తీగను కరగిన లోహము నుండి పైకి లాగవచ్చునని కనుగొన్నవాడు యాన్ చొక్రాల్స్కీ అను పోలెండు శాస్త్రజ్ఞుడు.

చొక్రాల్స్కీ 1885 అక్టోబరు 23వ తేదీన క్త్సిన్యా అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ కాలమున పోలెండునకు స్వాతంత్ర్యము లేదు. క్త్సిన్యా జర్మనీ యేలుబడిలో నుండెను. ఆయన తండ్రి వడ్రంగి. సంతానము పెక్కుమంది. బాల్యము నుండియు యాన్‌కు రసాయన శాస్త్రమునందు మిక్కిలి మక్కువ. 1904లో బెర్లిను నగరమునకు పోయి ఒక మందుల అంగడిలో పనికి కుదిరెను. కొంతకాలమునకు ఏ.ఇ.జి. అను గొప్ప విద్యుత్పరిశ్రమలో చేరి లోహములను పరీక్షించు పనిలో నేర్పు సంపాదించెను. పగలు పని చేయుచు, తీరిక దొరికినప్పుడు సాంకేతిక కళాశాలలో ఉపన్యాసములు వినుచు, విద్యను పెంపొందించుకొనెను.

1916లో నొకనాడు జరిగిన సంగతి ఆయన పేరును చిరస్థాయి గావించెను. ఆయన కూర్చుండి వ్రాసికొనుచుండగా సిరాబుడ్డి ప్రక్కనే కరగిన తగరముతో నిండిన మూస యుండెనట. పరాకున కలమును సిరాలో ముంచుటకు మారుగా తగరములో ముంచి పైకెత్తెను. కలపు ములికి నంటి సన్నని తగరపు తీగ యొకటి సాగివచ్చెను. మరియొకరైనచో దానిని తుడిచివేసి తమ వ్రాత సాగించెడివారే. చొక్రాల్స్కీ యట్లు చేయలేదు. ఆ తీగను శ్రద్ధతో పరీక్షించెను. అది యంతయు ఒకే స్ఫటికమని తేలెను.

పిమ్మట ఆయన తగరము, సీసము, తుత్తునాగము అను లోహములను కరగించి, వాని నుండి తీగలను మెల్లమెల్లగా పైకి లాగుచు, ఎంత వేగము వరకు లాగినచో తీగ తెగకుండునో కొలిచెను. లోహము స్ఫటికముగా గట్టిపడు వేగమును తెలిసికొనుటయే ఆయన యుద్దేశము. ఆ పరిశోధనా వ్యాసము 1918లో వెలువడెను.

తరువాత ఆయన ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఒక లోహపరిశోధనశాలకు అధిపతి యయ్యెను. రైలు చక్రముల బేరింగులకు విలువగల తగరము నుపయోగింప నక్కరలేని మిశ్రలోహమును 1924లో కనుగొనగా, పలుదేశముల రైల్వేలు దానిని వాడుకొనెను. దానివలన ఆయనకు ధనమును కీర్తియు లభించెను.

ఇంతలో పోలెండు 1918లో స్వతంత్ర దేశమై యుండెను. అధ్యక్షుడగు మోశ్చిత్స్కీ తానును రసాయనశాస్త్రాచార్యుడే. ఆయన యాహ్వానము నందుకొని చొక్రాల్స్కీ 1928లో స్వదేశమునకు మరలివచ్చెను. వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయము ఆయనకు 1929లో గౌరవ డాక్టరు పట్టము నొసగెను. పిమ్మట రసాయన విభాగమున ఆచార్యపదవి లభించెను.

1939లో జర్మను సేనలు పోలెండు నాక్రమించి విశ్వవిద్యాలయములను మూసివేసెను. చొక్రాల్స్కీ ఆక్రమణాధికారుల యనుమతితో పదార్థములను పరీక్షించు సంస్థ నొకదానిని నడపెను. అందు పనిచేసిన వారికి జీవనమును రక్షణయు కలిగెను. ఆయన పోలెండు రహస్య సైన్యమునకును తోడ్పడెను. కాని అది లోకమునకు తెలియరాదు. అందరి కంటికిని కనిపించినది శత్రువులతోడి వ్యవహారము మాత్రమే.

యుద్ధము ముగియు సమయమున, 1945 ఏప్రిలులో, శత్రువులకు సహకరించెనను నేరము మోపి ఆయనను నిర్బంధించిరి. విచారణలో నేరము రుజువు కాకపోవుటచే ఆగస్టులో విడిచిపెట్టిరి. ఐనను విశ్వవిద్యాలయము ఆయనను తిరిగి చేర్చుకొనలేదు. అరువది యేండ్ల వయస్సున ఆ యాచార్యుడు పుట్టిన యూరికి పోయి, చిన్న కర్మాగారము నెలకొల్పి గృహోపయోగములైన రసాయనములను తయారు చేయుచు కాలము గడపెను. 1953 ఏప్రిలు 22వ తేదీన పోజ్నాను నగరమున మరణించెను. ఆయన సమాధిపై చాలకాలము పేరైనను లేకుండెను.

ఆ సమయముననే ఆయన పద్ధతి సముద్రములు దాటి వ్యాపించుచుండెను. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ట్రాన్సిస్టరు పుట్టెను. అనేక స్ఫటికములు కలిసిన పదార్థములో వాని హద్దులు విద్యుత్ప్రవాహమునకు అడ్డు తగులును. కావున ఏకస్ఫటికము అవసరమని గోర్డన్ టీల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గ్రహించి, 1948లో లిటిల్ అను సహచరునితో కూడి చొక్రాల్స్కీ పద్ధతిని జర్మేనియమునకు వర్తింపజేసెను. అనంతరము సిలికానునకును అదే పద్ధతి వచ్చెను. 1414 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగు సిలికానులో చిన్న బీజస్ఫటికమును తాకించి, త్రిప్పుచు మెల్లగా పైకి లాగుదురు. మానువలె పెరిగిన స్ఫటికమును పలుచని బిళ్ళలుగా కోయుదురు. కంప్యూటరులందును సెల్ ఫోనులందును గల చిప్పులు అట్టి బిళ్ళలపైననే నిర్మింపబడుచున్నవి.

ఆయన రహస్య సేవను తెలుపు పత్రములు తుదకు బయల్పడెను. 2011లో వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయము ఆయనపై మోపబడిన నింద నిరాధారమని ప్రకటించెను. 2013వ సంవత్సరమును పోలెండు పార్లమెంటు ఆయన పేర జరిపించెను. మరణించిన ఏబది యెనిమిదేండ్లకు గాని ఆ మహనీయునకు న్యాయము చేకూరలేదు. ఒకని నడతను పూర్తిగా విచారింపక నిందించుట సులభము. ఆ నిందను తుడుచుటకు ఒక తరము చాలదు. పరాకున వచ్చిన తగరపు తీగను సైతము పరీక్షింపక విడువని చొక్రాల్స్కీకి, ఆయన కాలపు మనుష్యులు ఆపాటి పరీక్షయైనను దక్కనీయలేదు.