సురవరం ప్రతాపరెడ్డి

సురవరం ప్రతాపరెడ్డి (మే 28, 1896 - ఆగస్టు 25, 1953) తెలుగు పత్రికా సంపాదకుడు, పరిశోధకుడు, రచయిత, న్యాయవాది. నిజాం పాలనలోని తెలంగాణలో గోల్కొండ పత్రికను స్థాపించి రెండు దశాబ్దాలకు పైగా నడిపించాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు సమాధానంగా 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచికను వెలువరించాడు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర అనే ఆయన గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి గ్రంథం ఇదే. అప్పటికి రచయిత మరణించి రెండేళ్ళయింది.

బాల్యం, విద్య

ప్రతాపరెడ్డి పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాలోని బోరవెల్లిలో జన్మించాడు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఈ గ్రామాలు 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో ఉన్నాయి. ఈ ప్రాంతం తుంగభద్రకు ఉత్తరపు గట్టున ఉంది. నదికి ఈవల నిజాం రాజ్యం, ఆవల కర్నూలు. కర్నూలు అప్పుడు ఆంగ్లేయుల పాలనలోని మద్రాసు రాజధానిలో భాగం. ఈ సరిహద్దు ఆయన జీవితంపై చూపిన ప్రభావం చిన్నది కాదు. నిజాం రాజ్యంలో 1884 నుండి ఉర్దూ అధికార భాష. న్యాయస్థానాలు, కచేరీలు ఆ భాషలోనే నడిచేవి. ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారైనా తెలుగులో చదువు చెప్పే పాఠశాలలు బహు స్వల్పం. ఏరు దాటితే తెలుగు పుస్తకాలు, తెలుగు పత్రికలు, ఇంగ్లీషు చదువు మూడూ దొరికేవి. బాలుడైన ప్రతాపరెడ్డి ఏరు దాటి కర్నూలులో చదువుకున్నాడు. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృతం అభ్యసించాడు.

తరువాత హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి పట్టభద్రుడైనాడు. న్యాయశాస్త్ర పట్టా కూడా పొందాడు. ఆ తరంలో పాలమూరు ప్రాంతం నుండి ఇంగ్లీషు చదువుల కోసం రాజ్యం దాటి వెళ్ళినవాడు ఆయన ఒక్కడే కాదు. ఇదే జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి వచ్చి న్యాయవాది అయ్యాడు, 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. ప్రతాపరెడ్డి కూడా న్యాయవాద వృత్తిలో స్థిరపడి ఉంటే సుఖంగా జీవించగలిగేవాడే. కాని ఆయనకు ఆ వృత్తిపై మనసు నిలువలేదు.

రెడ్డి వసతిగృహం

హైదరాబాదు నగర కొత్వాలుగా పేరుపొందిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టలును స్థాపించాడు. వెంకటరామారెడ్డి కూడా వనపర్తి ప్రాంతంలో పుట్టినవాడే. గ్రామాల నుండి నగరానికి చదువుకు వచ్చే పిల్లలకు తిండికీ ఇంటికీ లోటు లేకుండా చూడడం ఈ సంస్థ ఉద్దేశం. 1924 ప్రాంతంలో ప్రతాపరెడ్డి దీనికి కార్యదర్శి అయ్యాడు. సుమారు పదేళ్ళు ఆ బాధ్యత నిర్వహించాడు.

ఆయన చేతిలో అది కేవలం భోజనశాలగా మిగలలేదు. గ్రంథాలయాన్ని పెంచాడు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు పుస్తకాలు సేకరించాడు. విద్యార్థుల చేత తెలుగు చదివించాడు, వ్రాయించాడు. పగలంతా బడిలోనూ కళాశాలలోనూ ఉర్దూ, ఇంగ్లీషు వినే పిల్లవాడికి సాయంత్రం తెలుగు పుస్తకం అందే చోటు నగరంలో అంతగా లేని కాలం అది. ఈ హాస్టలులో ఉండి చదువుకున్నవారిలో రావి నారాయణరెడ్డి ఒకడు. ఆయన తరువాతి కాలంలో తెలంగాణ సాయుధ పోరాట నాయకుడై, 1952లో నల్గొండ నుండి లోక్ సభకు అత్యధిక మెజారిటీతో ఎన్నికయ్యాడు. అదే ఎన్నికలలో ప్రతాపరెడ్డి కాంగ్రెసు పక్షాన శాసనసభకు ఎన్నికయ్యాడు. హాస్టలు కార్యదర్శిదొక దారి, విద్యార్థిదొక దారి అయింది.

గోల్కొండ పత్రిక

తెలంగాణలో తెలుగు పత్రికలు అంతకు ముందు లేకపోలేదు. 1922లో నల్గొండ నుండి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రికను, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను ప్రారంభించారు. రెండూ ఎక్కువకాలం సాగలేదు. రాజధాని నగరం నుండి తెలుగులో నిలదొక్కుకున్న పత్రిక గోల్కొండయే. దీని తొలి సంచిక 1926 మే 10న వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చేది. వెంకటరామారెడ్డి మొదలైనవారు ఆర్థికంగా తోడ్పడ్డారు.

తొలి సంవత్సరాలలో పత్రిక పని దాదాపు అంతా ప్రతాపరెడ్డే చేసేవాడు. వార్తలు వ్రాయడం, అచ్చుతప్పులు దిద్దడం, కాగితం సమకూర్చడం, చందాదారులకు పంపడం అన్నీ ఆయన మీదనే పడేవి. చిత్రగుప్త, భావకవి రామమూర్తి మొదలైన మారుపేర్లతో కూడా వ్రాశాడు. ఒకే మనిషి ఇన్ని పేర్లతో వ్రాయడానికి సరదా ఒక కారణమైతే, పుటలు నింపడానికి వ్రాసేవారు చాలకపోవడం మరొక కారణం కావచ్చు.

ఆనాటి హైదరాబాదులో పత్రిక నడపడం ప్రభుత్వపు కనుసన్నలలో చేయవలసిన పని. సభ జరుపుకోవాలన్నా ముందుగా అనుమతి పొందాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. ప్రతాపరెడ్డి పాలనలోని లోపాలను, వెట్టిచాకిరీని, గ్రామాలలో అధికారుల దౌర్జన్యాన్ని, తెలుగు చదువుల దుస్థితిని సంపాదకీయాలలో విమర్శించాడు. సంపాదకీయాలను ముందుగా ప్రభుత్వానికి చూపి అనుమతి పొందవలసిందిగా నిర్బంధం వచ్చినప్పుడు, ఆ స్థలంలో మహాకవుల, మహాపురుషుల సూక్తులను ప్రచురించడం ప్రసిద్ధమైన ఉదంతం. ఏ మాట ఎవరికి తగులుతుందో పాఠకులకు విడమరచి చెప్పవలసిన పని ఉండేది కాదు.

గోల్కొండ కవుల సంచిక

ఆయన చేసిన పనులన్నిటిలో ఎక్కువగా చెప్పుకునేది ఇది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు శూన్యమనే అర్థంలో ముడుంబ వెంకట రాఘవాచార్యులు చేసిన వ్యాఖ్య తెలంగాణ పండితులను నొప్పించింది. ఈ అభిప్రాయం ఆయన ఒక్కడిదే కాదు. కోస్తా జిల్లాలలో చాలామంది చదువుకున్నవారు తెలంగాణను తెలుగు లేని దేశంగానే తలచేవారు. నగరంలో సైతం తెలుగుకు మర్యాద లేదు. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని నాటకశాలలో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానమే ఆంధ్ర జన సంఘం పుట్టుకకు కారణమైంది.

ప్రతాపరెడ్డి వాదానికి ప్రతివాదం వ్రాసి ఊరుకోలేదు. కవులు తమ వివరాలను, పద్యాలను పంపవలసిందిగా కోరి, వచ్చినవాటిని కూర్చి 1934లో గోల్కొండ కవుల సంచికగా ప్రకటించాడు. అందులోని కవుల సంఖ్య 354. సమకాలికులతో పాటు పూర్వకవులకు కూడా చోటిచ్చాడు. పద్యాలన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయనలేము. కొన్ని కేవలం ఛందస్సు తప్పని పద్యాలు. అయితే ఆ సంకలనం ఉద్దేశం ఉత్తమ కవితలను ఏరడం కాదు, ఉనికిని నిరూపించడం. ఆ పని అది పూర్తిగా చేసింది.

ఇందుకు తగిన నేపథ్యం ఆయన పుట్టిన ప్రాంతంలోనే ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమను, కృష్ణకు ఉత్తరాన గద్వాల, వనపర్తి, అమరచింత, జటప్రోలు సంస్థానాలు నిజాముకు కప్పం కడుతూ తెలుగు పండితులను పోషించాయి. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరుంది. జటప్రోలు సంస్థానానికి తరువాతి కాలపు రాజధాని కొల్లాపూరు. ఆ వంశానికి చెందిన సురభి మాధవరాయలు 17వ శతాబ్దంలో చంద్రికా పరిణయమనే ప్రబంధాన్ని రచించాడు. పండితుడు ఎలకూచి బాలసరస్వతి ఆయన ఆస్థానంలో ఆదరణ పొందాడు. అధికార భాష మారినా ఈ సంస్థానాలలో ప్రతియేటా పండితసభలు జరిగేవి, కవులు అవధానాలు చేసి సత్కారాలు పొందేవారు. రాజధానిలో వినబడని తెలుగు కొల్లాపూరులో, వనపర్తిలో, గద్వాలలో వినబడుతూనే ఉంది. దానిని గురించి బయటివారికి చెప్పగల పత్రిక మాత్రమే లేకపోయింది.

ఆంధ్ర మహాసభ

1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. దానికి ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. తెలుగు విద్య, గ్రంథాలయాలు, రైతుల ఇబ్బందులు, సంఘసంస్కరణ మొదలైన విషయాలపై తీర్మానాలు జరిగాయి. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. మరుసటి సంవత్సరం దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించాడు. మద్రాసులో చదివినవాడొకడు, పూనాలో చదివినవాడొకడు తొలి రెండు సభలకు అధ్యక్షులు కావడం గమనింపదగినది. రాజ్యం వెలుపల చదివినవారు సభానిర్వహణ, తీర్మానాలు, పత్రికాస్వాతంత్ర్యం వంటి విషయాలను ప్రత్యక్షంగా చూసి వచ్చారు. ఆ తరువాత మహాసభ వామపక్షం వైపు మొగ్గి 1944లో భువనగిరి సమావేశం వద్ద చీలిపోయింది. ప్రతాపరెడ్డి ఆ దారిన వెళ్ళలేదు. సాహిత్యసంస్థలలో, గ్రంథాలయోద్యమంలో పనిచేశాడు. ఆంధ్ర సారస్వత పరిషత్తుకు అధ్యక్షుడుగా ఉన్నాడు.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర

1949లో వెలువడిన ఈ గ్రంథం తూర్పు చాళుక్యుల కాలం నుండి 1907 వరకు తెలుగువారి జీవనాన్ని వివరిస్తుంది. రాజుల యుద్ధాలు, వంశవృక్షాలు ఇందులో ముఖ్యం కావు. జనులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండుగలు చేసుకున్నారు, సంతలో ఏవి అమ్మారు, నేరాలకు ఏ శిక్షలు వేశారు అనే ప్రశ్నలు ముఖ్యం. ఆధారాలకై పాల్కురికి సోమనాథుని కావ్యాలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలైనవాటిని జల్లెడ పట్టాడు. పండితులు అలంకారాల కోసం చదివే పద్యాలలో ఆయన కూరగాయల పేర్లు, నగల పేర్లు, జూదాల పేర్లు వెదికాడు. అర్థం తెలియని మాట కనబడితే నిఘంటువులతో తృప్తిపడక, పల్లెలలో వాడుకలో ఉందేమో విచారించాడు. తెలంగాణ పలుకుబడి తెలిసినవాడు కావడం వల్ల నిఘంటుకారులకు అందని కొన్ని మాటలు ఆయనకు అందాయి.

గ్రంథానికి పరిమితులు లేకపోలేదు. కావ్యాలు ప్రధానాధారం కావడం వలన కవి కంటికి ఆనని జనుల జీవితం ఇందులోనూ తక్కువే. ఆ జాతుల పతనానికి కారణాలు చెప్పేటప్పుడు రచయిత చరిత్రకారుడి తూకాన్ని వదలి సంఘసంస్కర్తగా మాట్లాడడం కూడా కనిపిస్తుంది. అయినా తెలుగులో ఇంత విస్తృతంగా సాంఘిక చరిత్ర వ్రాసిన మొదటివాడు ఆయనే.

ఇతర రచనలు

హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, హైందవ ధర్మవీరులు, గ్రంథాలయోద్యమము ఆయన ఇతర గ్రంథాలలో కొన్ని. రామాయణ విశేషములులో ఇతిహాసాన్ని భక్తితో కాక పరిశోధకుని దృష్టితో పరిశీలించాడు. భక్త తుకారాం, ఉచ్ఛల విషాదము నాటకాలు. మొగలాయి కథలులో ఆనాటి పాలనలోని వింతలను హాస్యంగా చిత్రించాడు. ఆయన శైలి సూటిగా ఉంటుంది. సంస్కృతం బాగా తెలిసినా దీర్ఘసమాసాల జోలికి పోలేదు.

చివరి సంవత్సరాలు

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమయింది. గోల్కొండ పత్రికతో సంబంధం తీరిన తరువాత ప్రతాపరెడ్డి 1951లో ప్రజావాణి అనే పత్రికను ప్రారంభించాడు. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో వనపర్తి నియోజకవర్గం నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు. ఏడాదిన్నర గడవక ముందే, 1953 ఆగస్టు 25న, 57 ఏళ్ళ వయసులో మరణించాడు.

హైదరాబాదులో ట్యాంక్ బండ్ పై నెలకొల్పిన తెలుగు వెలుగుల విగ్రహాలలో ఆయన విగ్రహం కూడా ఉంది. 1985లో హైదరాబాదులో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయానికి ప్రతాపరెడ్డి పేరు పెట్టాలని 2024లో తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించగా, 2025లో శాసనసభ అందుకు ఆమోదం తెలిపింది.