చార్లెస్ డార్విను – పగడపు దీవులు

చార్లెస్ డార్విను 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి వైద్యుడు. ఎనిమిదవ యేటనే తల్లి గతించెను. వైద్యవిద్యకై ఎడిన్‌బరో పంపగా, శస్త్రచికిత్సలు చూడజాలక దానిని మానెను. పిదప పాదిరి యగుటకై కేంబ్రిడ్జిలో చదివెను. పురుగులను పోగుచేయుటయందే ఆయనకు ప్రీతి మెండు. 1831 డిసెంబరులో బీగిల్ అను ఓడనెక్కి దేశాటనమునకు బయలుదేరెను. ఓడ యూగుటవలన మిక్కిలి బాధపడియు పని మానలేదు.

1836 ఏప్రిలులో ఆ యోడ హిందూ మహాసముద్రమునందలి కోకోసు దీవులను చేరెను. నడుమ నిర్మలమైన మడుగు. చుట్టును ఉంగరమువలె సన్నని నేల. వెలుపల ఘోషించు కెరటములు. ఆ నేల యంతయు పగడముచే నేర్పడినదే. పగడము చెట్టువలె కొమ్మలు వేసినను చెట్టు కాదు; అల్పజీవులు సున్నపురాతితో కట్టుకొనిన ఇల్లు. ఆటు సమయమున డార్విను గడకఱ్ఱ ఊతముతో దుముకుచు అలలు విఱుగు అంచువఱకు పోయి సజీవమైన పగడములను పరీక్షించెను. అలలు కొట్టుచోట గట్టి ముద్దలును దళసరి పలకలును, నిశ్చలమైన మడుగులో పెళుసైన సన్నని కొమ్మలును పెరుగుట గ్రహించెను.

నీట మునిగి చూచు సాధనము ఆయనయొద్ద లేదు. కావున సీసపుగుండు అడుగున క్రొవ్వు పూసి త్రాటితో దింపిరి. పది బారలలోపల క్రొవ్వుపై సజీవ పగడముల ముద్రలు పడెను. ఇరువది బారలు దాటగా ఇసుకయే అంటివచ్చెను. తీరమునకు మైలు మించిన దూరమున 7,200 అడుగుల త్రాడు విడిచినను అడుగు తగులలేదు. లోతున బ్రదుకలేని జీవులకు అంత లోతునుండి పునాది ఎట్లు కలిగెను?

అగ్నిపర్వత ద్వీపము చుట్టు పగడము పెరుగునని డార్విను చెప్పెను. ద్వీపము మెల్లగా క్రుంగుచుండగా పగడము పైపైకి కట్టుకొనుచుండును. కడకు పర్వతము మునిగి ఉంగరము మాత్రము మిగులును. అట్టి దీవులు మునిగిన అగ్నిపర్వతముల నోళ్ల అంచులపై నిలిచినవని బోధించుచుండిన లయెల్ పండితుడు ఈ మాట విని తన మతమును విడిచెను. 1842లో డార్విను దీనిని గ్రంథముగా ప్రకటించెను. అయినను తరువాత కొందఱు పండితులు ఒప్పుకొనలేదు. 1881లో ఆయన, ఎవరైన ధనవంతుడు పగడపు దీవిని లోతుగా తొలిపించి నిజము తేల్చిన బాగుండునని అలెగ్జాండరు అగాసీకి వ్రాసెను. మఱుసటి యేట ఏప్రిల్ 19న మరణించెను.

1952లో పసిఫిక్ మహాసముద్రమునందలి ఎనివెటాక్ దీవిని తొలువగా, 4,000 అడుగులకు పైగా మందమైన పగడపు సున్నపురాతి క్రింద అగ్నిపర్వత శిల కనబడెను.

జీవజాతుల పుట్టుకనుగూర్చి ఆయన పిమ్మట వ్రాసిన గ్రంథము క్రైస్తవులలో గొప్ప వివాదము కలిగించెను. ఆ వివాదమున మన మే పక్షమువారమైనను, బాలబాలికలారా, తన మాటను పరీక్షింపుడని తానే కోరిన ఈ సత్యసంధతను మాత్రము మనము నేర్చుకొనదగును.