పాశ్చర్ గారి శిష్యులు



పాల ప్యాకెట్టు మీద పాశ్చరైజ్డ్ అన్న మాట మీరు చూసే ఉంటారు. ఆ మాటకు మూలపురుషుడైన లూయీ పాశ్చర్ 1822లో ఫ్రాన్సులోని డోల్ పట్టణంలో, తోళ్లు పదునుచేసే కతోలిక కుటుంబంలో జన్మించారు. రైలుబండిలో జపమాల చెప్పుకొంటున్న ముసలాయన కథను కొందరు ఆయనకు అంటగడతారు. దానికి గట్టి ఆధారం లేదు, పక్కన పెడదాం. శిష్యులతో ఆయన మెలిగిన తీరు మాత్రం చరిత్రకెక్కింది. నాకు అదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

ఆయన మెత్తని మనిషి కారు. పారిస్‌లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల పెత్తనం చేస్తుండగా, ఆయన కాఠిన్యం భరించలేక 1867లో విద్యార్థులు తిరగబడ్డారు. ఆ పదవి పోయింది. కాని ప్రయోగశాలలో ఎన్నుకొన్న కొద్దిమందిని సొంత పిల్లల్లా వెంట త్రిప్పుకొన్నారు. పట్టుపురుగుల తెగులు పరిశోధనకు దక్షిణాన అలెస్ ప్రాంతానికి వెళ్లినప్పుడు శిష్యులూ, భార్య మరీ అమ్మగారూ కలిసే పురుగుల గుడ్లు ఏరారు. ఆ ఏళ్లలోనే ఇద్దరు కూతుళ్లు మరణించారు. మరో కూతురు 1859లోనే పోయింది.

1868 అక్టోబరులో పక్షవాతం వచ్చి ఎడమ ప్రక్క పడిపోయింది. వారం తిరిగేసరికి, మంచం మీద నుండే శిష్యుడు జెర్నే చేత పరిశోధనా పత్రం వ్రాయించారు. అక్కడి నుండి శిష్యుల చేతులే ఆయన చేతులు.

ఆ చేతులకు దక్కవలసిన కీర్తి ఎప్పుడూ దక్కిందా? లేదనే చెప్పాలి. 1881లో పుయి-ల-ఫోర్‌లో గొర్రెలకు వేసిన దొమ్మరోగపు టీకా, శిష్యుడు షాంబర్లాఁ రసాయనంతో తయారుచేసినది. అది తన పద్ధతిలో చేసినదేనని లోకం అనుకొంటే పాశ్చర్ దిద్దలేదు. ఇది దాచదగిన విషయం కాదు.

1883లో ఈజిప్టులో కలరా చెలరేగింది. శిష్యులను పంపారు. వారిలో 27 ఏళ్ల లూయీ తుయిలియే సెప్టెంబరులో ఆ కలరాకే బలయ్యాడు. అలెగ్జాండ్రియాలో అతని అంత్యక్రియలకు, పాశ్చర్‌కు బద్ధవిరోధి అయిన జర్మను శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ పూలదండలతో వచ్చి శవపేటిక మోశారు. బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రికి ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో తల్లిదండ్రులైన మీరు ఊహించగలరు.

రెండేళ్లకు మరో పరీక్ష ఎదురైంది. 1885 జూలై 6న, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌ను తల్లి తీసికొని వచ్చింది. పాశ్చర్ వైద్యులు కారు, సూది వేయరాదు. వైద్యుడైన ప్రియశిష్యుడు ఎమిల్ రూ, ఈ మందు మనుషులకు ఇంకా తొందరపాటేనని భావించి ప్రక్కకు తొలగాడు. గ్రాంషే అనే వైద్యుడు సూదులు వేశారు. బాలుడు బ్రతికాడు.

గురువుకు ఎదురు నిలిచిన శిష్యుడిని మీరైతే ఏం చేసేవారు? పాశ్చర్ అతనిని వదులుకోలేదు. 1888లో పాశ్చర్ సంస్థ తెరచినప్పుడు ఎమిల్ రూ అందులోనే ఉన్నాడు. మరుసటి ఏడే సూక్ష్మజీవుల పాఠాలు మొదలుపెట్టాడు. మన పసిపిల్లలకు వేయించే బి.సి.జి. టీకాలో 'సి' అక్షరం కాల్మెట్‌ది. ఆయన ఆ పాఠాలు విన్నవాడే. నీలగిరుల్లోని కూనూరులో 1907లో వెలసిన పాశ్చర్ సంస్థ మన దక్షిణాదికి పిచ్చికుక్క కాటు మందు అందించింది.

పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న కన్నుమూశారు. నోత్రదామ్ దేవాలయంలో అంత్యక్రియలు జరిగాయి. ఆయన సమాధి సంస్థ భవనం అడుగున ఉంది. 1933లో మరణించిన ఎమిల్ రూను పైన, ఆ తోటలోనే పూడ్చారు.