నార్బర్ట్ వీనర్

నార్బర్ట్ వీనర్ (నవంబరు 26, 1894 - మార్చి 18, 1964) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త, సైబర్నెటిక్స్ శాస్త్రానికి ఆద్యుడు. కండరాల విద్యుత్ సంకేతాలతో నడిచే కృత్రిమ హస్తానికి ప్రేరకులలో ఒకడు.

ఇతడు మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో జన్మించాడు. చిన్నతనంలో తండ్రి లియో వీనర్ స్వయంగా చదువు చెప్పాడు. 18 ఏళ్ళకే హార్వర్డ్ నుండి డాక్టరేటు పొంది, 1919లో ఎం.ఐ.టి.లో అధ్యాపకుడిగా చేరాడు. యుద్ధకాలంలో శత్రు విమానాల గమనాన్ని ముందుగా అంచనా కట్టే గణితంపై కృషి చేసినా, హిరోషిమా అనంతరం సైనిక పరిశోధనలకు సహకరించనని 1947లో బహిరంగంగా ప్రకటించాడు. 1955-56లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో సందర్శక ఆచార్యుడిగా ఉన్నాడు. తెలుగువాడైన సి.ఆర్.రావు అప్పట్లో అక్కడే పనిచేసేవాడు.

కృత్రిమ హస్తం

చేయి పోయినవాడు కోల్పోయేది కదలికను మాత్రమే కాదు, స్పర్శను కూడా అని వీనర్ 1948 నాటి తన 'సైబర్నెటిక్స్' గ్రంథంలోనే గుర్తించాడు. 1961లో తుంటి ఎముక విరిగి బోస్టన్‌లో ఆసుపత్రి పాలైనపుడు అక్కడి ఎముకల వైద్యులతో ఈ విషయం చర్చించాడు. చేయి తెగినా మెదడు ఆజ్ఞ నరాల గుండా మిగిలిన కండరం వరకు వస్తూనే ఉంటుంది. కండరం బిగిసినపుడు పుట్టే స్వల్ప విద్యుత్తును చర్మంపై ఉంచిన ఎలక్ట్రోడులతో గ్రహించి, పెంచి, మోటారును నడపవచ్చును. నిజానికి జర్మనీలో రైన్‌హోల్డ్ రైటర్ 1940లలోనే ఇటువంటి చేతిని రూపొందించాడు. కనుక వీనర్‌ను తొలి ఆవిష్కర్తగా పేర్కొనడం సరికాదు. అయితే స్పర్శ గురించి ఇతడు లేవనెత్తిన సమస్య ఇప్పటికీ పూర్తిగా పరిష్కారం కాలేదు.

ఆ చర్చల ఫలితంగా ఎం.ఐ.టి., హార్వర్డ్ పరిశోధకులు, లిబర్టీ మ్యూచువల్ బీమా సంస్థ కలిసి మోచేతి వద్ద వంగే 'బోస్టన్ ఆర్మ్'ను తయారుచేసి 1968లో ప్రదర్శించారు. వీనర్ దానిని చూడలేదు. నాలుగేళ్ళ ముందే స్టాక్‌హోంలో మరణించాడు.